అప్పుకు చుక్క.. తెలియనిదానికి అక్షరం

బీజగణితాన్ని లోకవ్యవహారంతో ముడివేసిన భాస్కరాచార్యుడు

ఒకని వద్ద 300 నాణేలు, ఆరు గుర్రాలు ఉన్నాయి. మరొకనికి అదే వెలగల పది గుర్రాలున్నా నెత్తిన 100 నాణేల అప్పు ఉంది. ఇరువురి ఆస్తి సమానమైతే గుర్రం ధర ఎంత? సుమారు 870 ఏళ్ల క్రితం భాస్కరాచార్యుడు ‘బీజగణితం’లో విద్యార్థుల ముందుంచిన సమస్య ఇది.

సహ్యాద్రి ప్రాంతంలోని విజ్జడవిడ ఆయన స్వస్థలం. అది నేటి ఏ ఊరన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. 1114లో జన్మించిన ఆయనకు తండ్రి మహేశ్వరుడే గురువు. 36వ ఏట, 1150లో ‘సిద్ధాంత శిరోమణి’ని పూర్తిచేశారు. లీలావతి, బీజగణితం, గ్రహగణితం, గోళాధ్యాయం అందులోని భాగాలు. 69 ఏళ్ల వయసులో, 1183లో ‘కరణ కుతూహలం’ రచించారు.

తెలియని రాశిని ఆయన ‘యావత్తావత్’ అన్నారు. ఎంతో అంత అని దాని భావం. రాతలో ‘యా’ అన్న ఒక్క అక్షరమే. తెలియనివి ఒకటికి మించితే కాలకం, నీలకం, పీతకం అంటూ రంగుల పేర్లు పెట్టారు. అప్పును సూచించే అంకెపై చుక్క ఉంచేవారు. ఈనాడు మన పిల్లలు చదివే ధన, రుణ సంఖ్యల పేర్లలో ఆ ఆస్తి, అప్పుల లెక్కే మిగిలి ఉంది. సమానచిహ్నం అప్పటికి లేదు. రెండు పక్షాలను ఒకదాని కింద ఒకటి రాసేవారు. పై సమస్యలో పది గుర్రాల నుంచి ఆరు తీసివేస్తే నాలుగు మిగులుతాయి. అప్పు 100 ఎదుటి పక్షానికి వెళ్లి 300తో కలిసి 400 అవుతుంది. నాలుగు గుర్రాల వెల 400 కనుక ఒక్కోటి 100. సరిచూస్తే ఇద్దరి ఆస్తీ 900 చొప్పున తేలుతుంది. అయితే అక్షరాలే బీజగణితం కాదని, ప్రశ్నను సమీకరణంగా మలచే బుద్ధే అసలైన బీజమని ఆయన అభిప్రాయం. గురుముఖంగా సూత్రాలు వల్లించి, లెక్కలోని మాటలను అర్థం చేసుకోలేక తడబడే విద్యార్థులు ఆ కాలంలోనూ ఉండే ఉంటారు.

కుమార్తె లీలావతి వివాహ ముహూర్తం తప్పిపోవడంతో ఆమెను ఓదార్చేందుకే ‘లీలావతి’ రాశారన్న కథ ప్రచారంలో ఉంది. 1587 నాటి ఫైజీ పారసీక అనువాదంలో కనిపించే ఆ కథకు భాస్కరుని రచనల్లో ఆధారం లేదు. ముచ్చటైన కథే కానీ చరిత్రగా స్వీకరించలేం. తెలుగులో ఎలుగంటి పెద్దన ‘లీలావతి’ని ‘ప్రకీర్ణ గణితం’గా అనువదించారు.

కుమారుడు లక్ష్మీధరుడు, మనుమడు చంగదేవుడు యాదవ రాజుల ఆదరణ పొందారు. తాత గ్రంథాలు తాళపత్రాల్లోనే మరుగున పడకుండా చంగదేవుడు వాటి బోధనకే ఒక మఠాన్ని నెలకొల్పాడు. ఆ మఠానికి 1207లో ఇచ్చిన దానాన్ని తెలిపే శాసనం మహారాష్ట్రలోని జల్‌గావ్ జిల్లా, చాళీస్‌గావ్ సమీప పాటణ గ్రామంలో దొరికింది. బజారు రాబడిలో వాటా, గానుగల నుంచి నూనె ఆ బడికి చెందేటట్లు అందులో ఏర్పాటుచేశారు.