హెన్రీ మాటిస్

హెన్రీ మాటిస్ (1869 డిసెంబరు 31 - 1954 నవంబరు 3) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ చిత్రకారుడు, శిల్పి. ఇరవయ్యవ శతాబ్దపు చిత్రకళను పాబ్లో పికాసోతో పాటు కొత్త దారి పట్టించినవాడుగా పేరు పొందాడు. రంగుల వాడకంలో చూపిన స్వేచ్ఛ వలన ఫావిజం అనే కళోద్యమానికి నాయకుడిగా గుర్తింపబడ్డాడు. ఇతని జీవితంలో అనారోగ్యం రెండు పర్యాయాలు కళామార్గాన్ని నిర్ణయించింది. ఇరవై ఏళ్ళ వయసులో వచ్చిన జబ్బు ఇతనిని న్యాయవాది కార్యాలయం నుండి చిత్రకళకు మళ్ళించింది. డెబ్బై ఒకటేళ్ళ వయసులో జరిగిన శస్త్రచికిత్స కుంచె నుండి కత్తెరకు మళ్ళించింది. మంచం మీద, చక్రాల కుర్చీలో కూర్చుని, రంగు పూసిన కాగితాలను కత్తిరించి కూర్చిన చిత్రాలు ఇతని చివరి దశాబ్దపు ప్రధాన కృషిగా నిలిచాయి.

బాల్యం

మాటిస్ ఉత్తర ఫ్రాన్సులోని ల కాతో-కాంబ్రెసీ పట్టణంలో జన్మించాడు. సమీపంలోని బొహాన్-ఆన్-వెర్మాందువా అనే ఊరిలో పెరిగాడు. తండ్రి ధాన్యం, విత్తనాల వ్యాపారి. తల్లి ఆన్నా పింగాణీ పాత్రల మీద బొమ్మలు వేసేది. బొహాన్ నేతపనివారి ఊరు. అక్కడి మగ్గాలపై నేసిన ఖరీదైన పట్టుబట్టలు పారిస్ విపణికి వెళ్ళేవి. పూలు, తీగలు, ఆకులు మరల మరల వచ్చే నేత నమూనాలను చిన్ననాటి నుండి చూస్తూ పెరిగిన మాటిస్ జీవితాంతం దేశదేశాల బట్టలను సేకరించి, వాటిని తన చిత్రాలలో వాడుకున్నాడు.

మొదటి జబ్బు, చిత్రకళారంభం

తండ్రి కోరికపై మాటిస్ 1887లో పారిస్ వెళ్ళి న్యాయశాస్త్రం చదివాడు. పరీక్ష ఉత్తీర్ణుడై, సాన్-కాంతాన్ పట్టణంలో ఒక న్యాయవాది వద్ద గుమాస్తాగా చేరాడు. కొంతకాలానికి అపెండిసైటిస్ వ్యాధితో మంచం పట్టాడు. కోలుకునే రోజులలో కాలక్షేపానికని తల్లి ఒక రంగుల పెట్టె తెచ్చి ఇచ్చింది. ఆ పెట్టెతో 1890లో తొలి తైలవర్ణ చిత్రాలు వేశాడు. కాలక్షేపంగా మొదలైన పని వృత్తిగా మారింది. తండ్రి అసంతృప్తి చెందినప్పటికీ 1891లో చిత్రకళాభ్యాసం కొరకు పారిస్ చేరాడు. తరువాత గుస్తావ్ మొరో అనే చిత్రకారుని వద్ద శిష్యరికం చేశాడు.

1898లో అమేలీ పరేర్‌ను వివాహమాడాడు. కుమార్తె మార్గరీత్, కుమారులు జాన్, పియెర్. మార్గరీత్‌కు చిన్నతనంలోనే గొంతు జబ్బు వచ్చి శ్వాసనాళానికి శస్త్రచికిత్స జరిగింది. ఆ మచ్చను కప్పడానికి ఆమె మెడకు పట్టీ కట్టుకునేది. తండ్రి గీసిన ఆమె చిత్రాలు అనేకంలో ఆ నల్లని పట్టీ కనిపిస్తుంది.

రంగులు, అలంకరణ

1905 వేసవిలో మాటిస్ మధ్యధరా తీరంలోని కొలియూర్‌లో ఆంద్రే దెరాన్‌తో కలిసి పనిచేశాడు. ఆ ఏడాది పారిస్ శరదృతు ప్రదర్శనలో వీరి చిత్రాలలోని తీవ్రమైన రంగులను చూసి ఒక విమర్శకుడు వీరిని క్రూరమృగాలతో పోల్చాడు. ఫావిజం అన్న పేరు దాని నుండే వచ్చింది. 1910లో మ్యూనిక్ నగరంలో జరిగిన ఇస్లామిక కళల ప్రదర్శనను చూశాడు. 1912, 1913 సంవత్సరాలలో మొరాకోలో గడిపాడు. తివాచీలు, పలకలు, అల్లికలలోని నమూనాలు ఇతని చిత్రాలలో అలంకారంగా మాత్రమే కాక, చిత్ర నిర్మాణానికే ఆధారమయ్యాయి. 1917 నుండి ఎక్కువగా నీస్ నగరంలో నివసించాడు. 1930లో తహితి ద్వీపానికి వెళ్ళి వచ్చాడు.

అమెరికాలోని బార్న్స్ సంస్థ కొరకు 1930-33 మధ్య నృత్యం అనే పెద్ద కుడ్యచిత్రాన్ని వేసేటప్పుడు, ఆకారాల స్థానాలను సులభంగా మార్చుకోవడానికి రంగు కాగితాలను కత్తిరించి వాడాడు. అప్పటికి అది చిత్రరచనకు తోడ్పడే ఉపాయం మాత్రమే. పది సంవత్సరాల తరువాత అదే ప్రధాన మాధ్యమం అయింది.

1941 శస్త్రచికిత్స

1939లో మాటిస్ దంపతులు విడిపోయారు. మరుసటి ఏడాది జర్మనీ సేనలు ఫ్రాన్సును ఆక్రమించాయి. మాటిస్ దేశం విడిచి వెళ్ళలేదు. ఉదరంలో క్యాన్సర్ ఏర్పడగా 1941 జనవరిలో లియోన్ నగరంలో శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత ఊపిరితిత్తులలో రక్తం గడ్డ కట్టి ప్రాణాపాయం ఏర్పడింది. బ్రతుకుతాడన్న ఆశ అంతగా లేని స్థితి నుండి కోలుకోవడంతో, శుశ్రూష చేసిన సన్యాసినులు అతనిని మృత్యువు నుండి లేచి వచ్చినవాడని పిలిచేవారు. తలపెట్టిన పనులు పూర్తి చేయడానికి కొద్ది సంవత్సరాల ఆయుష్షు ఇమ్మని మాటిస్ వైద్యులను కోరాడని చెబుతారు. ఆ పిమ్మట పదమూడు సంవత్సరాలకు పైగా జీవించాడు. ఆ కాలాన్ని తనకు లభించిన రెండవ జీవితంగా భావించేవాడు.

ఉదర కండరాలు దెబ్బతిన్నందున ఎక్కువ సేపు నిలబడలేకపోయేవాడు. రోజులో చాలా భాగం మంచంలోనో, చక్రాల కుర్చీలోనో గడిచేది. చిత్రపటం ముందు నిలబడి తైలవర్ణాలు వేయడం కష్టమయింది.

పడకపై రేఖాచిత్రాలు

కోలుకునే కాలంలో మొదట చేపట్టినది రేఖాచిత్రరచన. 1941-42లో గీసిన ఈ చిత్రాలు 1943లో ఇతివృత్తాలు, వైవిధ్యాలు అన్న అర్థం వచ్చే పేరుతో గ్రంథంగా వెలువడ్డాయి. ఇందులో 158 చిత్రాలున్నాయి. కవి లూయీ ఆరగాన్ పీఠిక వ్రాశాడు. ఒక ముఖాన్నో, పూలగుత్తినో ముందుగా బొగ్గుతో నిదానంగా, చెరుపుతూ దిద్దుతూ అధ్యయనం చేసేవాడు. ఆ రూపం చేతికి పట్టుబడిన తరువాత, కలంతోనో పెన్సిలుతోనో ఆగకుండా వరుసగా అనేక చిత్రాలు గీసేవాడు. సంగీత విద్వాంసుడు ఒకే రాగాన్ని పలు విధాల ఆలపించినట్లుగా ఒకే వస్తువు ప్రతి చిత్రంలో కొత్తగా కనిపిస్తుంది.

కత్తెర చిత్రాల పద్ధతి

సహాయకులు తెల్ల కాగితాలకు గ్వాష్ అనే చిక్కని నీటిరంగును పూసి ఆరబెట్టేవారు. మాటిస్ వాటిని ముందుగా గీత గీయకుండానే పెద్ద కత్తెరతో కత్తిరించేవాడు. ఆకు, పక్షి, నాచు, మనిషి ఇలా ఆకారాలు నేరుగా రంగులోనుండే పుట్టేవి. వాటిని ఇతడు చెప్పిన చోట సహాయకులు గుండుసూదులతో గోడకు గుచ్చేవారు. నచ్చే వరకు ఒక్కొక్క ముక్కను జరుపుతూ, మారుస్తూ ఉండేవారు. చివరకు ముక్కలను కాగితంపై అంటించేవారు. లిదియా దెలెక్తోర్‌స్కయా ఈ పనులన్నిటినీ పర్యవేక్షించేది. 1932లో సహాయకురాలిగా చేరిన ఆమె చివరి వరకు ఇతనికి అండగా ఉన్నది.

గీతకు, రంగుకు మధ్య గల వైరుధ్యం మాటిస్‌ను చిరకాలం వేధించింది. ముందు గీత గీసి పిదప రంగు నింపితే ఒకదానికొకటి అడ్డు వస్తున్నదని అతని భావన. కత్తెరతో రంగును కోసినప్పుడు గీయడం, రంగు వేయడం ఒకే పని అయ్యాయి. ఆ విధంగా శరీర బలహీనత వలన చేపట్టిన పనిముట్టు ఎంతో కాలపు కళాసమస్యకు పరిష్కారమయింది. ముగ్గులో గీతల మధ్య మిగిలిన నేల ఎంత ముఖ్యమో, ఈ చిత్రాలలో కాగితపు ముక్కల మధ్య మిగిలిన ఖాళీ చోటు కూడా అంత ముఖ్యం.

జాజ్

బాంబు దాడుల భయంతో 1943లో మాటిస్ నీస్ విడిచి, దగ్గరలోని వాన్స్ పట్టణానికి మారాడు. ప్రచురణకర్త తెరియాద్ ప్రోత్సాహంతో అక్కడ జాజ్ అనే గ్రంథానికి కత్తెర చిత్రాలు సిద్ధం చేశాడు. సర్కస్, జానపద కథలు, ప్రయాణాల జ్ఞాపకాలు వీటి ఇతివృత్తాలు. ఇరవై చిత్రాలను స్టెన్సిల్ పద్ధతిలో అచ్చువేయగా, వాటి నడుమ వచనం మాటిస్ దస్తూరితోనే అచ్చయింది. 1947లో వెలువడిన ఈ పుస్తకం ఎంతో పేరు పొందింది. అయితే కాగితపు ముక్కల అంచులలో ఉండే జీవం అచ్చులో పోయిందని మాటిస్ అసంతృప్తి చెందాడు.

ఈ గ్రంథపు పని జరిగిన కాలంలోనే కుటుంబం ఆపదలో పడింది. ప్రతిఘటనోద్యమంలో పనిచేస్తున్న అమేలీని, మార్గరీత్‌ను 1944లో గెస్టాపో నిర్బంధించింది. అమేలీ కొన్ని నెలలు జైలులో ఉన్నది. మార్గరీత్ చిత్రహింసలకు గురైంది. జర్మనీలోని నిర్బంధ శిబిరానికి తరలిస్తుండగా దారిలో ఆమె తప్పించుకోగలిగింది. ఉజ్జ్వలమైన రంగులతో ఉన్న ఈ చిత్రాలను చూసేటప్పుడు ఈ నేపథ్యాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

ఓషియానియా

1946లో పారిస్ నివాసంలో ఒక కాగితాన్ని పక్షి ఆకారంలో కత్తిరించి, గోడ మీది మరకను కప్పడానికి దానిని అతికించాడు. దాని పక్కన మరొకటి, ఆపై ఇంకొకటి చేరి చేపలు, పగడాలు, పక్షులతో గోడలు నిండిపోయాయి. పదహారేళ్ళ క్రితం తహితిలో చూసిన సముద్రం, ఆకాశం ఈ విధంగా తిరిగి వచ్చాయి. ఈ కూర్పులను తరువాత నారబట్టపై ముద్రించారు.

వాన్స్ ప్రార్థనాలయం

1942లో మోనిక్ బూర్జువా అనే యువతి మాటిస్‌కు రాత్రివేళ శుశ్రూష చేసే నర్సుగా పనిచేసింది. తరువాత ఆమె డొమినికన్ సన్యాసినిగా దీక్ష తీసుకుని సిస్టర్ జాక్-మారీ అయింది. వాన్స్‌లో సన్యాసినులు నిర్మింపదలచిన ప్రార్థనాలయం గురించి ఆమె ప్రస్తావించగా, మాటిస్ దాని రూపకల్పనకు పూనుకున్నాడు. 1948 నుండి 1951 వరకు సాగిన ఈ పనిలో గాజు కిటికీల నమూనాలను పసుపు, ఆకుపచ్చ, నీలం కాగితాలతో కత్తిరించి తయారు చేశాడు. గోడల చిత్రాలకు పొడవైన వెదురు కర్ర చివర బొగ్గు కట్టి నమూనాలు గీశాడు. వాటిని తెల్లని పలకలపై నల్లని గీతలుగా వేశారు. 1951 జూన్‌లో ప్రార్థనాలయాన్ని ప్రతిష్ఠించినప్పుడు అనారోగ్యం వలన మాటిస్ హాజరు కాలేకపోయాడు.

చివరి సంవత్సరాలు

1949లో తిరిగి నీస్ చేరి రెజీనా భవనంలో నివసించాడు. 1952లో నీలి నగ్నచిత్రాలు, రాజు విషాదం మొదలైనవి రూపొందాయి. అదే ఏడాది తన భోజనాల గది గోడల చుట్టూ తెల్ల కాగితపు పట్టీ అంటింపజేసి, ఈదేవారి ఆకారాలను నీలి కాగితంతో కత్తిరించి ఈతకొలను అనే కృతిని చేశాడు. ఈత చూడడానికి బయటకు వెళ్ళి ఎండకు తాళలేక తిరిగి వచ్చి, ఇంటిలోనే కొలనును నిర్మించుకున్నాడు. 1953లో చేసిన నత్త ఒక్కొక్క వైపు సుమారు 2.87 మీటర్ల కొలత గల పెద్ద కూర్పు. 1954 నవంబరు 3న మాటిస్ నీస్‌లో గుండెపోటుతో మరణించాడు. అక్కడి సిమియే శ్మశానంలో సమాధి చేశారు.

విమర్శ, ప్రభావం

ఆ కాలంలో కొందరు విమర్శకులు కత్తెర చిత్రాలను వృద్ధుడైన రోగి కాలక్షేపంగా భావించారు. కాలక్రమేణా ఈ అభిప్రాయం మారింది. చిన్ననాటి నేత నమూనాలు, బార్న్స్ కుడ్యచిత్రానికి వాడిన కాగితాలు, తహితి జ్ఞాపకాలు అన్నీ ఈ దశలో కలిశాయని నేడు గుర్తిస్తున్నారు. 2014లో లండన్‌లోని టేట్ మోడరన్‌లో జరిగిన కత్తెర చిత్రాల ప్రదర్శనను ఐదు లక్షలకు పైగా ప్రజలు దర్శించారు. ఖరీదైన సామగ్రి అవసరం లేని ఈ పద్ధతిని అనేక దేశాల పాఠశాలలలో పిల్లలకు నేర్పుతున్నారు.

ముఖ్యమైన కృతులు

టోపీ ధరించిన స్త్రీ (1905)
నృత్యం (1910)
ఎర్రని చిత్రశాల (1911)
జాజ్ (1947)
వాన్స్ ప్రార్థనాలయం (1951)
ఈతకొలను (1952)
నత్త (1953)