బొబ్బిలి ముద్దుబిడ్డ అంట్యాకుల పైడిరాజు

బొబ్బిలి అనగానే మనకు యుద్ధం, తాండ్ర పాపారాయుడు, వీణలు గుర్తుకొస్తాయి. అదే బొబ్బిలిలో పుట్టిన ఒక గొప్ప చిత్రకారుని, శిల్పిని మాత్రం మనలో చాలామంది ఎరుగరు. ఆయనే అంట్యాకుల పైడిరాజు గారు.

ఆయన 1919లో జన్మించారు. ఆ సంవత్సరమే విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల వెలసింది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. పాట నేర్చుకోవాలంటే మన ఊళ్ళోనే కళాశాల ఉంది. బొమ్మ నేర్చుకోవాలంటే మద్రాసు రైలెక్కాలి! పైడిరాజు గారు అలాగే వెళ్ళి మద్రాసు ఆర్ట్స్ స్కూలులో చేరారు.

అక్కడ గురువు దేవీప్రసాద్ రాయ్ చౌదరి. ఆ స్కూలుకు 1929 నుంచి 1957 వరకు ఆయనే ప్రిన్సిపాలు, ఆ పదవి పొందిన తొలి భారతీయుడు. మెరీనా బీచిలో బండను కదిలిస్తున్న నలుగురు కూలీల విగ్రహం ఆయనదే. అటువంటి విగ్రహం మొదట మట్టిలోనే పుడుతుంది. ఇనుప చువ్వలతో అస్థిపంజరం కట్టి, దానిపై బంకమట్టి అద్దుతారు. ఎండి బీటలు వారకుండా రాత్రిళ్ళు తడిగుడ్డ కప్పాలి. ఆపైన ప్లాస్టర్‌తో అచ్చు తీసి, లోపలి మట్టిని తవ్వేసి, ఆ అచ్చులో పోత పోస్తారు. అంటే శిల్పి వేళ్ళు తాకిన మట్టి చివరకు మిగలదు! (ఈ రోజుల్లో దొరికే పాలిమర్ క్లే వేరు. అది పి.వి.సి. ప్లాస్టిక్ ముద్ద. చిన్న బొమ్మ చేసి ఓవెన్‌లో కాలిస్తే అదే నిలిచిపోతుంది.)

చదువు ముగిశాక మద్రాసులోనే ఉండిపోయిన కళాకారులు ఎందరో. పైడిరాజు గారు తిరిగి వచ్చారు. విజయనగరంలో చిత్రకళ నేర్పే బడి పెట్టి, మన పిల్లల చేతికి కుంచె ఇచ్చారు. నా మటుకు ఆయన చేసిన అన్నిటిలోకీ ఇదే పెద్ద పని. రైలు ఛార్జీ లేని పిల్లవాడికి మద్రాసు ఎంత దూరమో మన హాస్టల్ వాళ్ళకు వేరే చెప్పాలా?

ఆయన చిత్రాలలో రాజులు, రాణులు కాదు, మన పల్లె ఆడవాళ్ళు కనిపిస్తారు. నుదుట పెద్ద కుంకుమబొట్టు, ముదురు రంగు చీర, సిగలో పూలు. మన సంతలో ఎదురయ్యే అమ్మలు, అప్పలే.

ఆయన 1986లో కన్నుమూశారు.