లాఫ్కాడియో హెర్న్

లాఫ్కాడియో హెర్న్ (జూన్ 27, 1850 - సెప్టెంబర్ 26, 1904) జపాను దేశపు జానపద గాథలను, దయ్యాల కథలను, ఆచార వ్యవహారాలను ఆంగ్ల పాఠకలోకానికి పరిచయం చేసిన సుప్రసిద్ధ రచయిత. జపాను పౌరసత్వం స్వీకరించిన పిమ్మట ఇతని పేరు కొయిజుమి యకుమొ. జపానీయులు ఇతనిని ఈ పేరుతోనే ఎక్కువగా వ్యవహరిస్తారు. జపాను భాషను ధారాళంగా చదవలేని ఇతడు ఆ దేశపు కథలకు ఇంత పేరు తేగలిగాడంటే, అందుకు ముఖ్యకారకురాలు ఇతని భార్య కొయిజుమి సెత్సు.

బాల్యం

హెర్న్ గ్రీసుకు చెందిన లెఫ్కాడా ద్వీపంలో జన్మించాడు. తండ్రి చార్లెస్ బుష్ హెర్న్ బ్రిటిషు సైన్యంలో పనిచేసిన ఐరిష్ వైద్యుడు. తల్లి రోజా గ్రీకు వనిత. రెండేళ్ళ వయసులో డబ్లిన్ చేరిన హెర్న్, కొద్దికాలానికే తల్లికి దూరమై, తండ్రి తరఫు బంధువైన ఒక వృద్ధురాలి పోషణలో పెరిగాడు. సుమారు ఐదేళ్ళ వయసులో రాత్రివేళ దీపం లేని గదిలో ఒంటరిగా పడుకోబెట్టి తలుపు తాళం వేసేవారు. ఆ చీకటిలో తనను వెంటాడిన భూతాల భయాన్ని ఇతడు తరువాత ఒక వ్యాసంలో వర్ణించాడు. పదహారేళ్ళ వయసులో పాఠశాలలో ఆడుకుంటూ ఎడమకంటి చూపు కోల్పోయాడు.

అమెరికాలో

1869లో చేతిలో డబ్బు లేకుండా అమెరికా చేరి, సిన్సినాటి నగరంలో పాత్రికేయుడయ్యాడు. 1874లో ఆఫ్రికన్ సంతతికి చెందిన అలితియా ఫోలీని వివాహమాడాడు. అటువంటి వర్ణాంతర వివాహాలను ఒహాయో చట్టం నిషేధించింది. ఆ కారణంగా మరుసటి ఏడు ఉద్యోగం పోయింది. ఆ వివాహం నిలవలేదు. పిదప న్యూ ఆర్లియన్సులో పదేళ్ళు, మార్టినిక్ ద్వీపంలో సుమారు రెండేళ్ళు గడిపాడు.

జపానులో

1890 ఏప్రిల్‌లో యొకొహామా చేరి, ఆగస్టులో మత్సుయె పట్టణంలో ఆంగ్లోపాధ్యాయుడయ్యాడు. 1891 ప్రాంతంలో సెత్సు ఇతని జీవితంలో ప్రవేశించింది. ఆమె 1868లో సమురాయి వంశంలో జన్మించింది. మెయిజీ సంస్కరణలతో ఆ కుటుంబం పేదరికంలో పడింది. చిన్ననాటి నుండి పెద్దలచేత కథలు చెప్పించుకోవటం ఆమెకు ఎంతో ఇష్టం.

తరువాత కుమమొతొ, కొబె నగరాలలో పనిచేసి, భార్యాబిడ్డల భవిష్యత్తు కోసం 1896లో హెర్న్ జపాను పౌరుడయ్యాడు. అత్తవారి ఇంటిపేరునే స్వీకరించాడు. యకుమొ అనగా ఎనిమిది మేఘాలు. ఇది మత్సుయె ఉన్న ఇజుమొ సీమకు ప్రాచీన కవిత్వంలో వాడే విశేషణం. 1896 నుండి 1903 వరకు టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం బోధించాడు. ఇతని తరువాత ఆ బోధన చేపట్టినవారిలో నవలాకారుడు నత్సుమె సొసెకి ఒకరు.

కథాసేకరణ

సెత్సు పాత పుస్తకాల దుకాణాలలో కథల పుస్తకాలు వెదకి తెచ్చి చదివేది. రాత్రివేళ దీపం వత్తి తగ్గించి భర్తకు ఆ కథలు చెప్పేది. పుస్తకం చూసి చదవటం హెర్న్‌కు నచ్చేది కాదు, ఆమె సొంత మాటలలోనే చెప్పాలి. దంపతులు తమకు మాత్రమే తెలిసిన ఒక సులువైన జపానులో మాట్లాడుకునేవారు. గుడ్డి గాయకుడు హొయిచి కథ వ్రాసేటప్పుడు చీకటి పడినా హెర్న్ దీపం వెలిగించలేదట. సెత్సు పక్కగది నుండి హొయిచీ అని పిలిస్తే, తాను గుడ్డివాడినని, పిలిచినదెవరని బదులు పలికాడని ఆమె తన జ్ఞాపకాలలో తెలిపింది.

రచనలు

1894లో వెలువడిన తొలి జపాను గ్రంథం ఆలయాలను, పితృదేవతలను స్మరించే బొన్ పండుగ నృత్యాలను వర్ణిస్తుంది. 1904లో వెలువడిన క్వాయిదాన్ ఇతని రచనలలో మిక్కిలి ప్రసిద్ధం. ఇందులోని ముఖ్య కథలు:

హొయిచి - యుద్ధంలో సముద్రం పాలైన హెయికె వంశీయుల ప్రేతాలు ఇతనిచేత తమ గాథనే పాడించుకుంటాయి. రక్షణకై బౌద్ధ గురువు ఇతని ఒంటినిండా ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం వ్రాయిస్తాడు. చెవులు మాత్రం మరచిపోవటంతో ప్రేతం వాటిని పెరికివేస్తుంది.
యుకి ఒన్న - మంచుతుఫానులో ఊపిరితో ప్రాణాలు తీసే స్త్రీ.
ముజిన - కన్నూ ముక్కూ లేని నున్నని ముఖం గల రూపం.

క్వాయిదాన్ ముందుమాటలో హెర్న్ పాత గ్రంథాలను పేర్కొన్నాడు, యుకి ఒన్న కథ చెప్పిన రైతును స్మరించాడు. సెత్సు పేరు మాత్రం అందులో లేదు.

మరణం, స్మృతి

పుస్తకం వెలువడిన కొద్ది నెలలకే హెర్న్ టోక్యోలో గుండెజబ్బుతో మరణించాడు. సమాధి జొషిగయ శ్మశానవాటికలో ఉన్నది. సెత్సు నలుగురు బిడ్డలను పెంచి, భర్తను గూర్చిన జ్ఞాపకాలను గ్రంథస్థం చేసి 1932లో మరణించింది. కథాసేకరణలో ఆమె పాత్ర లోకానికి తెలియటానికి ఆ జ్ఞాపకాలే ముఖ్యాధారం. మసాకి కొబయాషి క్వాయిదాన్ పేరుతో తీసిన చిత్రం 1965లో కాన్ చలనచిత్రోత్సవంలో ప్రత్యేక జ్యూరీ బహుమతి పొందింది. మత్సుయెలో ఇతని నివాసగృహాన్ని భద్రపరచారు. సెత్సు జీవితం ఆధారంగా రూపొందిన బకెబకె అనే ధారావాహిక 2025లో జపాను టెలివిజనులో ప్రారంభమైంది.