పెద్ద చందాలు ఆగిపోయాక జామియాను నిలబెట్టిన జాకిర్ హుస్సేన్

డాక్టర్ జాకిర్ హుస్సేన్ అనగానే అందరికీ రాష్ట్రపతి భవన్ గుర్తొస్తుంది. దేశానికి మూడో రాష్ట్రపతి, ఆ పదవిలోకి వచ్చిన మొదటి ముస్లిం, పైగా పుట్టింది మన హైదరాబాద్‌లో. అయితే పదవులన్నీ రాకముందు ఆయన 22 ఏళ్ల పాటు చేసిన పని వేరే. జీతాలివ్వడానికి కూడా డబ్బుల్లేని ఒక విద్యాసంస్థకు తాళం పడకుండా చూసుకోవడం. మదర్సా, అనాథాశ్రమం, స్కూలు... ఏదో ఒకటి చందాలతో నడిపేవాళ్లు తెలుసుకోవాల్సింది ఈ 22 ఏళ్ల సంగతే.

ఆయన 1897 ఫిబ్రవరి 8న పుట్టారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ ఉత్తరాదిన ఖాయంగంజ్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో వకీలుగా స్థిరపడ్డారు. జాకిర్‌కు పదేళ్లప్పుడు తండ్రి పోయారు. కుటుంబం సొంతూరికి వెళ్లిపోయింది. కొన్నేళ్లకే ప్లేగు వచ్చి తల్లి కూడా పోయింది. ఇటావాలో స్కూలు చదువు, ఆ తర్వాత అలీగఢ్.

1920లో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, సర్కారు సొమ్ముతో నడిచే కాలేజీలను వదిలి రమ్మని పిలుపునిచ్చారు. బయటికి నడిచిన వాళ్లలో జాకిర్ ముందున్నారు. అదే ఏడాది అక్టోబర్ 29న జామియా మిల్లియా ఇస్లామియా మొదలైంది. ఆంగ్ల ప్రభుత్వం పైసా ముట్టుకోకూడదన్నది నియమం. మరి ఖర్చులు? చాలావరకు ఖిలాఫత్ కమిటీ చూసుకునేది. ఆ రోజుల్లో ఖిలాఫత్ పేరు చెబితే చాలు, ఆడవాళ్లు ఒంటిమీది నగలు తీసిచ్చేవారు. డబ్బుకు ఇబ్బంది ఉంటుందని ఎవరికీ తోచలేదు.

1924 మార్చిలో టర్కీయే ఖిలాఫత్‌ను రద్దు చేసేసింది. జనం దేనికోసం ఇస్తున్నారో అదే లేకుండా పోయింది. చందాలు పడిపోయాయి, కమిటీ నుంచి జామియాకు వచ్చే సొమ్ము ఆగింది. ఇచ్చేవాళ్ల మనసు చిన్నబోయిందని కాదు. వాళ్లు ఇచ్చింది ఉద్యమానికి, బడికి కాదు. ఆ తేడా అప్పటిదాకా కనబడలేదు, అంతే.

మూసేద్దామన్న మాట పెద్దల్లోనే వచ్చింది. హకీం అజ్మల్ ఖాన్ ఒప్పుకోలేదు. గాంధీజీ అయితే జామియా కోసం బిచ్చమెత్తడానికైనా సిద్ధమన్నారు. 1925లో హకీం సాహెబ్ దాన్ని ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు మార్చి, సొంత జేబులోంచి, తెలిసినవాళ్ల దగ్గర్నుంచి తెచ్చి నడిపారు. అప్పుడు జాకిర్ బెర్లిన్‌లో ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నారు. మూసేస్తారన్న కబురు అందగానే ఆయన, స్నేహితులు ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్ కలిసి, తామొచ్చి పనిచేస్తామని మాటిచ్చారు. 1926లో వచ్చేశారు. 29 ఏళ్ల వయసులో జాకిర్ బాధ్యతలు తీసుకున్నారు. 1927 డిసెంబర్‌లో హకీం సాహెబ్ కన్నుమూశారు. ఇక పేరు చూసి ఇచ్చేవాళ్లు కూడా తగ్గిపోయారు.

అప్పుడు చేసింది చందా పుస్తకం పట్టుకుని పరుగెత్తడం కాదు. 1928లో ఉపాధ్యాయులే ఒక అంజుమన్‌గా ఏర్పడి సంస్థను చేతుల్లోకి తీసుకున్నారు. సభ్యులు 20 ఏళ్లు జామియాలోనే పనిచేస్తామని, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోమని ప్రమాణం చేశారు. ఆ మాత్రం కూడా చేతికి అందని నెలలే ఎక్కువ. జర్మనీ డాక్టరేట్ ఉన్నవాళ్లకు బయట ఎంత వచ్చేదో ఊహించుకోవచ్చు. జాకిర్ సాహెబ్ భార్య షాజహాన్ బేగం, మిగతావాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు ఆ ప్రమాణ పత్రం మీద సంతకం చేయలేదు. బియ్యం డబ్బా అడుగంటితే చూసుకోవాల్సింది మాత్రం వాళ్లే.

తర్వాతి అడుగు హమ్‌దర్దానె జామియా. జామియా మేలుకోరే వాళ్లను ఊరూరా సభ్యులుగా చేర్చి, ఎవరి తాహతు కొద్దీ వాళ్లు చిన్న మొత్తాన్ని క్రమంగా ఇచ్చే ఏర్పాటు. దీన్ని భుజానేసుకుని తిరిగింది షఫీఖుర్ రహ్మాన్ కిద్వాయి. ఒక నవాబు మొహం తిప్పుకుంటే ఏడాది ఖర్చు పోతుంది. ఒక గుమాస్తా మానేస్తే రూపాయే పోతుంది. పైగా నెలనెలా ఇచ్చేవాడికి ఆ బడి తనదే అనిపిస్తుంది. అలాగని పెద్ద సాయాన్ని కాదనలేదు. హైదరాబాద్ నిజాం ప్రభుత్వం ఇచ్చినదాన్నీ తీసుకున్నారు. దానిమీదే ఆధారపడలేదు.

ఇచ్చినవాళ్లకు పని కనబడాలి కదా. మక్తబా జామియా పుస్తకాలు వేసేది, పిల్లలకు పయామె తాలీమ్ పత్రిక వచ్చేది. బడిలో పిల్లలే బ్యాంకు, దుకాణం నడిపి లెక్కలు నేర్చుకునేవారు. 1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. ఇలాంటప్పుడు మామూలుగా అయితే బాగా ఇచ్చిన ధనవంతుణ్ణి పిలిచి పలకమీద పేరు చెక్కిస్తారు. జామియావాళ్లు ఆ రాయిని బడిలో అందరికంటే చిన్న పిల్లాడు అబ్దుల్ అజీజ్ చేత వేయించారు.

కష్టాలు దీంతో తీరిపోయాయనుకుంటే పొరపాటు. అప్పులు వెంటాడుతూనే ఉన్నాయి. కానీ 1946 నవంబర్‌లో రజతోత్సవం జరిగే నాటికి జామియా నిలబడింది. దేశం రెండుగా చీలబోతున్న ఆ రోజుల్లో నెహ్రూను, జిన్నాను ఒకే వేదిక మీద కూర్చోబెట్టగలిగారు జాకిర్ సాహెబ్. మరుసటి ఏడాది అల్లర్లలో కరోల్‌బాగ్‌లోని మక్తబా కాలిపోయింది. ఏళ్ల తరబడి కూడబెట్టిన పుస్తకాలు బూడిదయ్యాయి.

స్వాతంత్ర్యం వచ్చాక సర్కారు మనదే అయింది కాబట్టి పాత నియమం పట్టుకుని కూర్చోలేదు, ప్రభుత్వ సాయం తీసుకున్నారు. 1948లో జాకిర్ సాహెబ్ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి వైస్ చాన్స్‌లర్‌గా వెళ్లారు, జామియాను ముజీబ్ సాహెబ్ చూసుకున్నారు. ఆ తర్వాత బీహార్ గవర్నర్, ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967లో రాష్ట్రపతి. 1969 మే 3న పదవిలో ఉండగానే చనిపోయారు. ఆయన్ను ఓఖ్లాలో, జామియా ఆవరణలోనే ఖననం చేశారు.