శూన్యాన్ని శోధించిన స్వామి

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరానికి చేరువనున్న గొరగనమూడి గ్రామంలో 1896 డిసెంబరు 5న భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు జన్మించారు. వేదవేదాంత గ్రంథాలకు కొదువలేని ఇల్లు అది. నరసాపురంలో ఉన్నత పాఠశాల చదువు ముగిసిన పిదప ఆయన మనసు సంసారంపై నిలువలేదు. ఇల్లు విడిచి హిమాలయ ప్రాంతాలకు తరలిపోయి, సుమారు పదేళ్ళు యోగసాధనలో గడిపారు. స్వామి జ్ఞానానందగా లోకానికి తెలిసినది ఆ తరువాతనే.

తన తాత్త్విక చింతనను గ్రంథరూపంలో ప్రకటించాలన్న సంకల్పంతో ఆయన 1927లో జర్మనీ చేరుకున్నారు. అప్పటికి ఐరోపా విద్వద్గోష్ఠులలో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రధాన చర్చనీయాంశం. దేశకాలాలను గురించిన విచారణ వేదాంతికి కొత్తది కాదు. దానిని గణితంతో పట్టి, కొలిచి చూడవచ్చునన్నది కొత్త. ముప్పై దాటిన వయసులో ఆ సన్న్యాసి డ్రెస్డెన్‌లో గణిత, భౌతిక శాస్త్రాల విద్యార్థి అయ్యారు. ప్రాగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఆచార్య డోలేజ్షెక్ వద్ద ఎక్స్ కిరణాల వర్ణపటాలపై పరిశోధించి 1936లో డాక్టరేట్ పొందారు. తోటి వయసువారు ఆచార్య పీఠాలపై కుదురుకొనే వేళ ఆయన పరిశోధన జీవితం మొదలైంది.

అక్కడినుండి ఇంగ్లండులోని లివర్‌పూల్ వెళ్ళారు. 1932లో న్యూట్రాన్‌ను కనుగొన్న జేమ్స్ చాడ్విక్ అక్కడ ఆచార్యులు. ఆ ప్రయోగశాలలో జ్ఞానానంద రేడియోధార్మిక పదార్థాలనుండి వెలువడే బీటా కిరణాలను అధ్యయనం చేశారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి మారి ఆ కృషిని కొనసాగించారు.

బీటా కణాలంటే వేగంగా దూసుకువచ్చే ఎలక్ట్రాన్లు. వాటి శక్తిని కొలవాలంటే అవి పయనించే దారిలో గాలి ఉండరాదు. అణువులను ఢీకొన్నకొద్దీ వాటి శక్తి సన్నగిల్లి, కొలత తప్పుతుంది. కనుక పరికరంలోని గాలిని తోడివేయాలి. ఈ శూన్యం పల్లెసీమకు అంత దూరమైనదేమీ కాదు. రెంజల్ పరిసరాల చెఱకు రైతులకు సుపరిచితమైన బోధన్ నిజాం చక్కెర కర్మాగారంలోనూ, 2015లో అది మూతపడేవరకు, చెఱకు పాకాన్ని మరిగించినది గాలి తోడివేసిన పాన్‌లలోనే. ఒత్తిడి తగ్గితే పాకం తక్కువ వేడికే మరుగుతుంది, మాడిపోదు. అయితే చక్కెరకు చాలిన శూన్యం కేంద్రక శాస్త్రజ్ఞునికి చాలదు. ఆయనకు కావలసినది సాధారణ వాయుపీడనంలో కోట్ల వంతుకు చేరే శూన్యం. సూదిమొనంత సందు ఉన్నా నెలల శ్రమ వృథా. ఆ సందును వెదకి పట్టడానికి ఎంత ఓపిక కావాలో ప్రయోగశాలలో పనిచేసినవారికే తెలుస్తుంది.

ఆ అనుభవమంతా 1947లో న్యూయార్కునుండి వెలువడిన ఆయన ఆంగ్ల గ్రంథం ‘హై వాక్యువా’లో చేరింది. అధిక శూన్యానికి మూలమైన సూత్రాలు, దానిని సాధించే విధానాలు, కొలిచే పద్ధతులు అందులోని విషయం. యోగసాధనకై ఇల్లు విడిచిన వ్యక్తి పంపులను గురించి గ్రంథం రాయడం వింతగా తోచవచ్చు. కాని ఏకాగ్రత రెండింటికీ సమానమే.

స్వదేశానికి తిరిగివచ్చి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొంతకాలం పనిచేశారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి, వాల్తేరులో కేంద్రక భౌతిక శాస్త్ర శాఖకు పునాది వేశారు. పరికరాలను సమకూర్చడం, విద్యార్థులకు ప్రయోగాలలో చేయి తిప్పడం నేర్పడం ఆయన నిత్యకృత్యమయ్యాయి. గామా కిరణాలు పదార్థంలో ఎలా క్షీణిస్తాయన్న విషయంపై అక్కడ శిష్యులతో కలిసి పరిశోధనలు సాగించారు.

శాస్త్రజ్ఞుని కృషిని ప్రచురిత పత్రాల సంఖ్యతో, వాటిని ఇతరులు ఉదహరించిన పర్యాయాలతో లెక్కించడం నేటి ఆచారం. ఆ ఉల్లేఖనాల సూచీ అమెరికాలో 1964లో వెలువడింది. మరుసటి సంవత్సరమే ఆయన పదవీ విరమణ చేశారు. ఆ కొలమానంతో చూస్తే ఆయన పాలు చిన్నదిగానే కనబడుతుంది. ప్రయోగశాల నిర్మాణానికి పట్టిన ఏండ్లు ఏ సూచీలోనూ చేరవు. పంపు బిగించినందుకు పత్రం రాదు. శిష్యుని పత్రంలోని కొలత నిక్కచ్చిగా ఉంటే, దాని వెనుకనున్న గురువు చేతిని లెక్కించే పద్ధతి ఇంతవరకు లేదు. పైగా పేరులోని చివరి మాటను ముందుంచి, తక్కినవాటిని పొడి అక్షరాలుగా మార్చే సూచీల రివాజులో ‘స్వామి’ అన్న సన్న్యాస నామం ఒక్క ‘ఎస్’గా మిగులుతుంది. భూపతిరాజువారి పేరు అసలే కనబడదు.

స్వామి జ్ఞానానంద 1969 సెప్టెంబరు 21న కన్నుమూశారు. వాల్తేరులోని ఆ పరిశోధనాలయానికి ఆయన పేరే పెట్టారు. అక్కడి పరిశోధకులు తమ పత్రాలలో చిరునామా రాసుకొనేటప్పుడు ఆ పేరు రాయవలసివచ్చేది.