ఎదువార్ లూకాస్ - 39 అంకెల ప్రధాన సంఖ్య

ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో తెలిసికొనుటకు భాగహారమే చిరకాలం ముఖ్య సాధనంగా ఉండేది. భాజకాలను వెదకకుండానే ఈ విషయం తేల్చవచ్చునని చూపినవాడు ఫ్రెంచి గణితవేత్త ఎదువార్ లూకాస్.

లూకాస్ 1842 ఏప్రిల్ 4న ఫ్రాన్సులోని ఆమియన్ నగరంలో జన్మించినాడు. పారిస్‌లోని ఎకోల్ నోర్మాల్‌లో విద్య ముగించి, అక్కడి ఖగోళ పరిశీలనాలయంలో పనిచేసినాడు. 1870-71 ప్రష్యా యుద్ధంలో ఫిరంగిదళాధికారిగా ఉండి, తరువాత ఉన్నత పాఠశాలలలో గణితాధ్యాపకుడైనాడు.

2 యొక్క ఘాతం నుండి 1 తీసివేయగా వచ్చే సంఖ్యలలో ప్రధాన సంఖ్యలేవో 257వ ఘాతం వరకు మెర్సెన్ 1644లో ఒక పట్టికగా ప్రకటించినాడు. ఉపపత్తి మాత్రం చూపలేదు. అందులో 67, 127 ఘాతాలు రెండూ ఉన్నవి. 1876లో లూకాస్ మొదటిది తప్పనీ, రెండవది సత్యమనీ నిర్ణయించినాడు. ఆ రెండవ సంఖ్య 170141183460469231731687303715884105727. దీనిని భాగహారంతో పరీక్షింపవలెనన్న 20 అంకెల భాజకాల వరకు పోవలెను, మానవసాధ్యం కాదు.

ఆయన పద్ధతిని 7వ ఘాతంతో గ్రహింపవచ్చును. పరీక్ష్యసంఖ్య 127. మొదట 3 తీసికొని, వర్గం చేసి 2 తీసివేయగా 7, అట్లే 47, ఆపైన 2207. దీనిని 127చే భాగింపగా శేషం 48. మరల అట్లే చేయగా శేషం 16, ఆపైన 0. ఆరవ పదం శూన్యమైనందున 127 ప్రధాన సంఖ్య. 39 అంకెల సంఖ్యకు ఇట్టి వర్గీకరణలు 125 చాలును.

ఈ 3, 7, 47 అనునవి 1, 3, 4, 7, 11, 18, 29, 47 అను శ్రేణిలో 2, 4, 8వ పదాలు. ముందరి రెండింటిని కూడగా తరువాతి పదం వచ్చుట దీని లక్షణం. ఇదే లక్షణం గల 1, 2, 3, 5, 8 శ్రేణికి ఫిబొనాచీ పేరును లూకాస్ ప్రచారంలోనికి తెచ్చినాడు. లఘుగురువులతో మాత్రాప్రస్తారభేదాలను లెక్కించుచు విరహాంకుడు, హేమచంద్రుడు 1202 నాటి ఫిబొనాచీ గ్రంథానికి పూర్వమే ఈ శ్రేణిని ఎరుగుదురు. నాలుగు మాత్రలకు భేదాలు ఐదు. అయినను ప్రధానసంఖ్యా పరీక్షను మన ఛాందసికులకు ఆరోపించుట తగదు. వారి గణనం ఛందఃప్రయోజనకం. శ్రేణి వారిది, దాని ఈ వినియోగం లూకాస్‌ది.

1883లో ఆయన తన పేరులోని అక్షరాలను తారుమారు చేసి, మారుపేరుతో హనోయి గోపురమను క్రీడను వెలువరించినాడు. దీనితో ముడిపడిన కాశీ ఆలయంలోని 64 స్వర్ణఫలకాల కథ కల్పితం. మన పురాణాలలోనిది కాదు.

1891లో ఒక విందులో పగిలిన పళ్లెపు ముక్క చెంపకు తగిలి గాయమైనది. అది విషమించి అక్టోబరు 3న, 49వ యేట, ఆయన మరణించినాడు. 67వ ఘాతసంఖ్య భాజకాలను 1903లో కోల్ ప్రకటించుటతో లూకాస్ నిర్ణయం ప్రత్యక్షమైనది. 39 అంకెల సంఖ్య 1951 వరకు తెలిసిన ప్రధాన సంఖ్యలలో గరిష్ఠంగా నిలిచినది. లేమర్ 1930లో సంస్కరించిన ఆయన పరీక్షయే నేటి మహాప్రధానసంఖ్యల నిర్ధారణకు ఆధారం.