అడిగింది ఎనభై, అందింది నూరు

1951 ఏప్రిల్ 18. నల్గొండ జిల్లా పోచంపల్లి. భూమి కోసం సాయుధ పోరాటం సాగిన ప్రాంతం. వార్ధా దగ్గరి పవనార్ ఆశ్రమం నుంచి నడిచి వచ్చిన ఒక బక్కపలచని పెద్దాయన దళితవాడకు వెళ్లి కష్టసుఖాలు విచారించారు. కూలి చేసుకు బతికే 40 కుటుంబాలవారు సాగుకు భూమి అడిగారు. ఎంత కావాలో లెక్క కూడా చెప్పారు: తరి 40 ఎకరాలు, మెట్ట 40 ఎకరాలు. ఆయన ఆ మాటను ఊరి ముందు ఉంచారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం అక్కడ మొదలైంది.

ఆ పెద్దాయనే వినోబా భావే. అసలు పేరు వినాయక్ నరహరి భావే. 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని గాగోదె గ్రామంలో పుట్టారు. 1916లో కాలేజీ చదువు వదిలి గాంధీజీ ఆశ్రమంలో చేరారు. 1940లో వ్యక్తి సత్యాగ్రహానికి గాంధీజీ ఎంచుకున్న మొదటి సత్యాగ్రహి ఆయనే. వేలూరు జైలులో ఉన్నప్పుడు తెలుగుతో సహా దక్షిణాది భాషలు నేర్చుకున్నారు.

పోచంపల్లి తరువాత పదమూడేళ్లకు పైగా ఊరూరా నడిచారు. భూమి ఉన్నవారిని, తనను ఇంట్లో మరో కొడుకుగా లెక్కించి ఆరో వంతు ఇమ్మని అడిగేవారు. అయిదు కోట్ల ఎకరాలు ఆయన లక్ష్యం. దానంగా వచ్చింది నలభై లక్షల ఎకరాలకు పైగా. ఊరంతా భూమిని ఉమ్మడి చేసుకునే గ్రామదానం ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో బలంగా సాగింది. 1957లో మైసూరు దగ్గర యెల్వాల్‌లో జరిగిన సమావేశానికి దేశ నాయకులు వచ్చి గ్రామదానాన్ని సమర్థించారు.

అయితే దానపత్రం రాసినంత మాత్రాన పొలం చేతికి రాదు. దానంగా వచ్చిన భూమిలో రాళ్లు రప్పలు, కోర్టు తగాదాల్లో ఉన్నవి చాలానే తేలాయి. చాలా భూమి పంపకం కానేలేదు. కొన్నిచోట్ల దాతల వారసులు ఒప్పుకోలేదు. మంచి భూమి దొరికినా, నిన్నటిదాకా కూలి చేసినవారికి ఎడ్లు, నాగలి, విత్తనాలు, నీరు కావాలి. ఈ సంగతి వినోబాకు తెలుసు. అందుకే ఎడ్లు, బావులు, డబ్బు కూడా దానం అడిగారు. భూమి తీసుకున్నవారు స్వయంగా దున్నుకోవాలని, అమ్ముకోకూడదని నియమం పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 1965లో దీనికి ప్రత్యేక చట్టం వచ్చింది.

1982 నవంబరు 15న పవనార్‌లో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది భారతరత్న ప్రకటించారు.

ఉపాధ్యాయులు ఈ పాఠానికి భారతదేశ పటం తెరవండి. గాగోదె, పవనార్, వేలూరు, పోచంపల్లి, కోరాపుట్, మైసూరులను పిల్లలచేత గుర్తు పెట్టించండి. వీటిలో ఏదో ఒకటి మన బడి ఉన్న రాష్ట్రంలోనే ఉండవచ్చు. తల్లిదండ్రులు ఇంట్లో పట్టా కాగితం ఉంటే పిల్లలకు చూపించి, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు చదివించండి. మాటగా ఇచ్చిన భూమికి, కాగితం మీద నిలిచిన భూమికి తేడా వారికి అప్పుడే తెలుస్తుంది.